ఉత్తరాలు వస్తున్నాయి... పోవడం లేదా?

మొన్న సంక్రాంతికి ఇంకా మూడు వారాలు ఉందనగా మా తోడికోడలు దగ్గర్నుంచి ఫోను వచ్చింది. "అక్కా, నాకు మెయిళ్లు వస్తున్నాయి గానీ నా దగ్గర్నుంచి ఒక్కటీ పోవడం లేదు. పంపినవన్నీ అవుట్‌బాక్సులోనే కూర్చున్నాయి" అని ఏడుపు గొంతుతో చెప్పింది.

తను ఉండేది గోదావరి జిల్లాలో. ఇంటి దగ్గరే సున్నుండలు, అరిసెలు, జంతికలు చేయించి హైదరాబాదులో మిఠాయి కొట్లకి పంపుతుంది. తనతో పాటు ఇంకో నలుగురు ఆడవాళ్లకి ఆ పని మీదే నాలుగు డబ్బులు వస్తున్నాయి. ధరల పట్టికలు, బిల్లులు, ఆర్డర్లకి జవాబులు అన్నీ కంప్యూటర్లోనే. డిసెంబరు మొదట్లో పాత టెలిఫోను తీగ మీద వచ్చే ఇంటర్నెట్ తీసేయించి, ఊళ్లో కేబుల్ టీవీ ఇచ్చే ఆయన దగ్గర ఫైబర్ కనెక్షన్ పెట్టించుకుంది. స్పీడు పెరిగింది, నెల ఖర్చు తగ్గింది. సంతోషించింది.

ఆ రోజు నుంచే ఉత్తరాలు ఆగిపోయాయి. తనకేమో ఆ సంగతే తెలీదు! 'సెండ్' నొక్కితే పోయినట్టే అనుకుంది. మనందరం అలాగే అనుకుంటాం కదా. చివరికి ఒక కొట్టువాళ్లే ఫోన్ చేసి "40 కిలోల సున్నుండలకి ఒప్పుకున్నట్టు జవాబు రాలేదండీ, వేరేవాళ్లకి ఇచ్చేశాం" అన్నాక అవుట్‌బాక్సు తెరిచి చూసుకుంది. అందులో 17 ఉత్తరాలు!

కేబుల్ అబ్బాయిని పిలిచి అడిగితే, "మెయిల్ సర్వరాండీ? అది మా దగ్గర లేదండీ. మేం ఇంటర్నెట్ వరకే ఇస్తామండీ" అని చెప్పి సైకిలెక్కి వెళ్లిపోయాడు.

"అయితే అక్కా, మళ్లీ పాత కనెక్షనే పెట్టించుకోవాలా?" అని తన ప్రశ్న.

అక్కర్లేదు. మీలో ఎవరికైనా ఇదే చిక్కు వచ్చినా అక్కర్లేదు. పది నిమిషాల్లో సర్దుకునే పని ఇది. కాకపోతే ఎందుకు ఆగిందో తెలిస్తేనే చెయ్యి తిరుగుతుంది.

ముందుగా ఒక మాట. మీరు ఫోన్లో జీమెయిల్ యాప్‌తోనో, కంప్యూటర్లో జీమెయిల్ పేజీ తెరిచో ఉత్తరాలు రాసేవారైతే ఈ బాధ మీకు రాదు. మీ ఇంటర్నెట్ ఎవరిదైనా ఆ ఉత్తరాన్ని పంపే పని గూగుల్‌దే. థండర్‌బర్డ్, అవుట్‌లుక్ లాంటి ప్రోగ్రాములు కంప్యూటర్లో పెట్టుకున్నవారికీ, బిల్లును నేరుగా ఈమెయిల్ చేసే లెక్కల ప్రోగ్రాములు వాడేవారికీ ఈ తంటా. చిన్న వ్యాపారం చేసుకునే ఆడవాళ్లు చాలామంది ఇలాంటివి వాడుతున్నారు. ఎవరో తెలిసిన అబ్బాయి ఎప్పుడో సెట్ చేసి వెళ్తాడు, మనం వాడుకుంటూ ఉంటాం. లోపల ఏం రాశాడో ఎవరు చూస్తారు?

రావడం వేరు, పోవడం వేరు

పోస్టుమాన్ మన ఇంటికి ఉత్తరం తెచ్చి ఇవ్వడం ఒక పని. మనం రాసిన ఉత్తరం వీధి చివర ఎర్రడబ్బాలో వెయ్యడం ఇంకో పని. ఈమెయిల్లోనూ అంతే. వచ్చే ఉత్తరాలు ఒక సర్వర్ నుంచి దిగుతాయి. పోయే ఉత్తరాలు ఇంకో సర్వర్‌కి అందించాలి. ఈ రెండోదాన్నే 'అవుట్‌గోయింగ్ సర్వర్' అనీ, 'ఎస్‌ఎంటీపీ సర్వర్' అనీ అంటారు. రెండింటి పేర్లూ మన ప్రోగ్రాములో వేర్వేరు గళ్లలో రాసి ఉంటాయి. అందుకే ఒకటి పాడైనా రెండోది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, మనకి అనుమానం రాదు.

మా తోడికోడలు అడ్రసు జీమెయిల్‌దే. వచ్చే ఉత్తరాల గడిలో గూగుల్ పేరే ఉంది. పోయే ఉత్తరాల గడిలో మాత్రం ఆ తెలిసిన అబ్బాయి పాత ఇంటర్నెట్ వాళ్ల సర్వర్ పేరు రాసి పెట్టాడు. ఆ కనెక్షన్ ఉన్నన్నాళ్లూ వాళ్లు కిక్కురుమనకుండా తీసుకున్నారు. కనెక్షన్ మారగానే "మీరు మా వాళ్లు కారు" అని తలుపు వేసేశారు.

ఇంతకీ ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లకీ ఉత్తరాలకీ ఈ ముడి ఎలా పడిందంటారా? కొంచెం వెనక్కి వెళ్లాలి. ఉత్తరాలు పంపే ఈ పద్ధతిని అమెరికాలో జాన్ పోస్టెల్ అనే ఆయన 1982 ఆగస్టులో రాసిపెట్టారు. ఆ రోజుల్లో ఇంటర్నెట్ ఒక చిన్న అగ్రహారం లాంటిది. అందరికీ అందరూ తెలుసు. ఎవరి సర్వర్‌లో ఎవరు ఉత్తరం వేసినా కాదనకుండా చేర్చేవి. తరువాత జనం పెరిగారు, వారితో పాటు అడగని ప్రకటనలు గుప్పించేవాళ్లూ పెరిగారు. 1978 మే 3వ తేదీనే ఒక కంప్యూటర్ కంపెనీ మార్కెటింగ్ ఉద్యోగి సుమారు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపి తిట్లు తిన్నాడు. 1990ల్లో అలాంటివాళ్లు ఎవరెవరి సర్వర్లలోనో దూరి లక్షల ఉత్తరాలు పంపడం మొదలెట్టారు. తలుపు తీసి పెట్టుకుంటే వీధిలో ఆవులన్నీ పెరట్లో మేసినట్టయింది.

దాంతో సర్వర్లు నడిపేవాళ్లు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. మా తీగ మీద వచ్చినవాళ్ల ఉత్తరాలే తీసుకుంటాం, బయటివాళ్లవి తీసుకోం అని. అలా ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లే ఉత్తరాలకి కూడా దిక్కయ్యారు. మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు కనెక్షన్‌తో పాటే ఈమెయిల్ అడ్రసూ ఇచ్చేది. గ్యాస్ కనెక్షన్‌తో స్టవ్ వచ్చినట్టన్నమాట.

ఆ తరువాత 1996 జులైలో సబీర్ భాటియా, జాక్ స్మిత్ కలిసి హాట్‌మెయిల్ పెట్టారు. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ వచ్చింది. అడ్రసు ఊరికే దొరుకుతుంటే ఇంటర్నెట్ వాళ్లిచ్చే అడ్రసు ఎవరికి కావాలి? మెయిల్ సర్వర్ నడపడమూ తేలిక కాదు. రాత్రీ పగలూ కాపలా ఉండాలి. ఒక్క ఖాతాదారుడి కంప్యూటర్లో వైరస్ దూరి చెత్త పంపితే మొత్తం సర్వర్‌కి చెడ్డపేరు. అమెరికాలో వెరైజాన్ అంతటి పెద్ద సంస్థే 2017లో ఈ పని మాకొద్దని వదిలేసుకుంది. మన ఊరి కేబుల్ ఆయన పెట్టుకోలేదంటే తప్పు పట్టడానికేముంది చెప్పండి. ఆయన రోడ్డు వేస్తాడు. రోడ్డేసినవాడే పోస్టాఫీసూ కట్టాలంటే ఎలా?

మరి ఎవర్ని అడగాలి?

మీకు అడ్రసు ఎవరిచ్చారో వాళ్లని. జీమెయిల్ అడ్రసైతే గూగుల్ సర్వర్, యాహూ అడ్రసైతే యాహూ సర్వర్, మీ సొంత పేరుతో వెబ్‌సైటు పెట్టుకుని ఆ పేరుతోనే అడ్రసు తీసుకుని ఉంటే ఆ వెబ్‌సైటును ఉంచినవాళ్ల సర్వర్. వీళ్లెవరూ మీరు ఏ తీగ మీద వచ్చారని అడగరు. పేరూ, పాస్‌వర్డూ అడుగుతారు. అవి సరిపోతే మీరు పుట్టింట్లో ఉన్నా, అమ్మాయి పురిటికి అమెరికా వెళ్లినా ఉత్తరం తీసుకుంటారు. నన్నడిగితే పాత పద్ధతి కన్నా ఇదే నయం. ఇంటర్నెట్ ఎన్నిసార్లు మార్చుకున్నా మళ్లీ ఈ గడి ముట్టుకోనక్కర్లేదు.

జీమెయిల్‌కి చెబుతాను, ఎక్కువమంది దగ్గర ఉన్నది అదే కాబట్టి. మీ ప్రోగ్రాములో 'అకౌంట్ సెట్టింగ్స్' తెరవండి. థండర్‌బర్డ్‌లో అయితే ఎడమపక్క పట్టికలో అట్టడుగున 'అవుట్‌గోయింగ్ సర్వర్' అని ఉంటుంది, చాలామంది అంత కిందికి చూడరు. సర్వర్ పేరు గడిలో ఎస్‌ఎంటీపీ, చుక్క, జీమెయిల్, చుక్క, కామ్ అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్య ఖాళీలు లేకుండా రాయండి. 'పోర్ట్' అన్న గడిలో 587 వెయ్యండి, దాని పక్కన 'స్టార్ట్ టీఎల్ఎస్' ఎంచుకోండి. లేదా 465 వేసి 'ఎస్ఎస్ఎల్, టీఎల్ఎస్' ఎంచుకోండి. ఏదైనా ఒకటే, కానీ జోడీ తప్పకూడదు. 587కి రెండోది, 465కి మొదటిది తగిలిస్తే ప్రోగ్రాము అలా తిరుగుతూనే ఉంటుంది. 'నన్' అని కూడా ఒకటి కనిపిస్తుంది. దాని జోలికి పోకండి. దాంతో మీ పాస్‌వర్డ్ కవరు లేని కార్డు ముక్క మీద రాసి పంపినట్టే.

యూజర్ నేమ్ దగ్గర మీ అడ్రసు మొత్తం రాయాలి, సగం కాదు.

ఇక పాస్‌వర్డ్. అసలు చిక్కంతా ఇక్కడే. మీరు రోజూ జీమెయిల్ తెరిచే పాస్‌వర్డ్ ఇక్కడ చెల్లదు. 2022 మే 30 నుంచి గూగుల్ ఆ పద్ధతి ఆపేసింది. థండర్‌బర్డ్ లాంటి కొత్త ప్రోగ్రాములైతే గూగుల్ వాళ్ల కిటికీనే తెరిచి అక్కడ లాగిన్ కమ్మంటాయి, 'ఓ ఆథ్ 2' అని ఎంచుకుంటే చాలు, గొడవ లేదు. లెక్కల ప్రోగ్రాములు, పాత ప్రోగ్రాములు అలా చెయ్యలేవు. వాటికి 'యాప్ పాస్‌వర్డ్' అని వేరే ఒకటి తీసుకోవాలి. ముందు మీ గూగుల్ అకౌంట్లో 'టూ స్టెప్ వెరిఫికేషన్' పెట్టుకోవాలి, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఫోనుకి వచ్చే అంకెలు కూడా అడిగే ఏర్పాటు. అది పెట్టుకున్నాకే యాప్ పాస్‌వర్డ్ ఇస్తారు. 16 అక్షరాలు. తెర మీద ఒక్కసారే కనిపిస్తుంది. వెంటనే ప్రోగ్రాములో అతికించెయ్యండి. పోగొట్టుకుంటే దిగులేం లేదు, పాతది కొట్టేసి కొత్తది తీసుకోవచ్చు.

ఒక ముక్క గుర్తు పెట్టుకోండి. ఎప్పుడైనా మీ అసలు జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చారనుకోండి, ఆ 16 అక్షరాలూ ఆ క్షణమే చెల్లకుండా పోతాయి. మళ్లీ అవుట్‌బాక్సు నిండుతుంది, మళ్లీ మనం కేబుల్ అబ్బాయిని తిట్టుకుంటాం.

యాహూ వాళ్లూ ఇలాగే యాప్ పాస్‌వర్డ్ అడుగుతారు. మైక్రోసాఫ్ట్ వాళ్ల హాట్‌మెయిల్, అవుట్‌లుక్ అడ్రసులకి మాత్రం 2024 సెప్టెంబరు 16 తరువాత ప్రోగ్రాముల్లో ఉత్త పాస్‌వర్డ్‌తో పని జరగడం లేదు. మీ లెక్కల ప్రోగ్రాము పాతకాలంది, మీ అడ్రసు హాట్‌మెయిల్‌ది అయితే తంటాలు పడకండి. బిల్లులు పంపడానికి వేరే అడ్రసు ఒకటి తెరుచుకోవడం మంచిది.

25 అనే పాత గుమ్మం

అంతా సరిగ్గానే రాశాను, అయినా పోవడం లేదంటారా? పోర్ట్ గడి మళ్లీ చూడండి. అందులో 25 అని ఉందేమో. పాత ప్రోగ్రాములు చాలావాటికి అదే అలవాటు. 25 అన్నది సర్వర్లు తమలో తాము ఉత్తరాలు మార్చుకునే గుమ్మం. వైరస్ పట్టిన ఇంటి కంప్యూటర్లు ఆ గుమ్మం గుండానే చెత్త పంపుతాయని చాలామంది ఇంటర్నెట్ వాళ్లు ఇళ్ల కనెక్షన్ల మీద దాన్ని మూసేస్తారు. మనలాంటి మామూలు మనుషుల కోసం 1998 డిసెంబరులోనే 587 అని వేరే గుమ్మం కేటాయించారు. 465కి 2018 జనవరిలో మళ్లీ అధికారికంగా గుర్తింపు దొరికింది.

తెర మీద వచ్చే ఇంగ్లీషు మాటలు చూసి భయపడకండి, కాస్త ఓపిగ్గా చదివితే జబ్బు ఎక్కడుందో అదే చెబుతుంది. 'టైమ్డ్ అవుట్' అని ఉంటే తలుపు తెరుచుకోలేదని, అంటే గుమ్మం మూసి ఉంది, లేదా సర్వర్ పేరు తప్పు రాశారు. 'రిలే' అన్న మాట కనిపిస్తే మీది కాని ఎర్రడబ్బాలో ఉత్తరం వేస్తున్నారని. మా తోడికోడలికి వచ్చింది ఇదే. 'ఆథెంటికేషన్' అనో, 535 అనే అంకెనో కనిపిస్తే పాస్‌వర్డ్ తేడా. మా ఇంట్లోవాళ్లు మాత్రం ఆ మాటలు చదవకుండానే ఓకే నొక్కేసి, "ఏదో ఎర్రర్ వచ్చింది" అని నాకు చెబుతారు! అలా నొక్కేయకండి. ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి.

ఇంకా అనుమానం తీరకపోతే ఒక చిట్కా. ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టి కంప్యూటర్ని దానికి తగిలించి పంపి చూడండి. ఉత్తరం పోయిందంటే మీ సెట్టింగులు సరే, కేబుల్ ఆయన తీగ మీదే గుమ్మం మూసి ఉంది. అప్పుడు "587 తెరవండి" అని ఆయన్ని గట్టిగా అడగొచ్చు. ఫోను మీద కూడా పోలేదంటే మాత్రం ముందు మన సెట్టింగులే ఇంకోసారి చూసుకోవాలి.

ఈ సలహాలు వినకండి

మా తోడికోడలికి ఎదురింటి కుర్రాడు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు, "ఆంటీ, మీ కంప్యూటర్లోనే మెయిల్ సర్వర్ పెట్టేస్తాను" అన్నాడట. పిల్లాడి ఉత్సాహం కాదనలేం గానీ ఇది జరిగే పని కాదు. ఇళ్లకి ఇచ్చే ఇంటర్నెట్ అడ్రసు మారిపోతూ ఉంటుంది, చాలా చోట్ల ఒకే అడ్రసును వీధిలో అందరూ పంచుకుంటారు కూడా. అలాంటి చోటు నుంచి వచ్చిన ఉత్తరాన్ని పెద్ద సర్వర్లు గుమ్మంలోనే వెనక్కి పంపేస్తాయి. పైగా 25 మూసి ఉంటే అసలు బయటికే పోదు.

ఇంకొకరు 'ఫ్రీ ఎస్‌ఎంటీపీ' అని ఏదో ఊరూపేరూ లేని సర్వర్ వెతికి ఇచ్చారు. అది ఇంకా ప్రమాదం. మన బిల్లులు, కొనేవాళ్ల అడ్రసులు, బ్యాంకు ఖాతా నంబర్లు అన్నీ వాడి చేతిలోంచి వెళ్తాయి. తెలియనివాడి చేతికి ఇంటి తాళం ఇస్తామా?

ఉత్తరం పైన 'ఫ్రమ్' గడిలో ఉండే అడ్రసు కూడా చూసుకోవాలి. జీమెయిల్ సర్వర్ ద్వారా పంపుతూ పైన ఇంకో అడ్రసు రాస్తే ఒప్పుకోదు, మీ జీమెయిల్ అడ్రసునే పెట్టి పంపుతుంది. ఆ రెండో అడ్రసూ మీదేనని జీమెయిల్లో 'సెండ్ మెయిల్ యాజ్' అన్నచోట ముందు నిరూపించుకోవాలి. సొంత పేరుతో అడ్రసు ఉన్నవారైతే వెబ్‌సైటు చూసే అతన్ని "ఎస్‌పీఎఫ్, డీకిమ్ పెట్టారా?" అని అడగండి. ఈ ఉత్తరం నిజంగా మా ఇంటిదే అని చెప్పే ముద్రల్లాంటివి అవి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ ఈ ముద్రల విషయంలో పట్టుదలగా ఉంది, అవి లేని ఉత్తరాలు స్పామ్‌లో పడవచ్చు, తిరిగి రావచ్చు కూడా.

మామూలు జీమెయిల్‌కి రోజుకి 500 ఉత్తరాల హద్దు ఉంది. మన బిల్లులకి అది చాలా ఎక్కువే. కానీ పండక్కి శుభాకాంక్షలంటూ కొన్నవాళ్లందరికీ ఒక్కసారే పంపబోయి హద్దు దాటితే ఆ రోజుకి అకౌంటు ఆగిపోతుంది. సరిగ్గా ఆర్డర్లు వచ్చే రోజునే! ఉత్తరంతో పంపే ఫోటోలూ కాగితాలూ కలిపి 25 ఎంబీ దాటకూడదు.

అన్నీ సరిచేశాక మీకు మీరే ఒక ఉత్తరం రాసుకోండి. అది వస్తే సరిపోదు, యాహూ అడ్రసున్న మరెవరికైనా ఒకటి పంపి, వాళ్లకి ఫోన్ చేసి అందిందా, స్పామ్‌లో పడిందా అని అడగండి. ఈ సర్దుబాటు అయ్యేలోపు అర్జెంటు జవాబులేవైనా ఉంటే ఫోన్లో జీమెయిల్ తెరిచి అక్కడి నుంచి పంపెయ్యండి. మా తోడికోడలు ఆ ఒక్క పని చేసి ఉంటే 40 కిలోల సున్నుండలు చేతిలోంచి జారిపోయేవి కావు. ఆ వారం పనికి వచ్చే నలుగురికీ కూలి తగ్గింది కూడా.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది చివర్లో చెబుతున్నాను, నాకూ అప్పుడు తట్టలేదు కాబట్టి. సెట్టింగులు మార్చేముందు అవుట్‌బాక్సు తెరిచి, ఇప్పుడు పంపక్కర్లేని ఉత్తరాలన్నీ తీసెయ్యండి. లేకపోతే తలుపు తెరుచుకోగానే అవన్నీ ఒక్కసారే పరిగెడతాయి.

నేను ఫోన్లో చెబుతుంటే మా తోడికోడలు అంకెలు మార్చి, 16 అక్షరాలూ అతికించి 'ఓకే' నొక్కింది. "పోతున్నాయక్కా, పోతున్నాయి!" అని కేక. ఇద్దరం తెగ సంబరపడ్డాం. పది నిమిషాలకి తనకి ఒక కొట్టు నుంచి ఫోన్ వచ్చింది. అవుట్‌బాక్సులో ఉన్న 17 ఉత్తరాల్లో పాత ధరల పట్టిక కూడా ఉంది మరి. ఈలోగా నెయ్యి ధర పెరిగి తను రేటు మార్చుకుంది. ఆయన మాత్రం "ఈ రేటుకే ఇస్తానంటున్నారు కదమ్మా, 30 కిలోలు రాసుకోండి" అన్నారట. మాట పోగొట్టుకోవడం ఇష్టం లేక పాత రేటుకే ఇచ్చింది.